కుళాయి నీళ్లు బాగుపడేది ఎక్కడ?

గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో గట్టు మీది ఊళ్లలో ఒక పాత పద్ధతి ఉండేది. బిందెతో తెచ్చిన నీళ్లను కాసేపు కదపకుండా ఉంచి, చిల్లగింజను రాతి మీద నాలుగు చుక్కల నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపేవారు. పూట గడిచేసరికి మట్టి అడుక్కి దిగేది, పైన తేట నిలిచేది. ఆ తేటను పలచటి బట్టలో వడగట్టి ఇంకో బిందెలోకి వంచుకునేవారు. ఇవాళ లక్షల మందికి నీళ్లు పంపే మునిసిపల్ ప్లాంటులో జరిగేదీ ఇదే పని. చిల్లగింజ బదులు పటిక, బట్ట బదులు ఇసుక. ఆ బిందెకు లేనిది ఒక్క క్లోరిన్.

పని ఇంత పాతదైనా, ఇంత తెలిసినదైనా, మన పట్టణాల్లో కుళాయి నీళ్లు గిన్నెలు కడగడానికే అన్నట్టు అయిపోయాయి. తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను వస్తుంది. పన్ను కట్టి ఒకసారి, టిన్నుకు డబ్బిచ్చి మరోసారి ఒకే నీటికి రెండుసార్లు చెల్లిస్తున్నాం. టిన్ను కొనలేని ఇల్లు మాత్రం కుళాయి నీళ్లే తాగుతుంది. కాబట్టి ప్రభుత్వ ప్లాంటు నీళ్లు బాగుపడటం అన్నిటికంటే ముందు పేదవాళ్ల ఆరోగ్యానికి సంబంధించిన సంగతి.

ఎలా బాగుచేయాలన్న దాని మీద మూడు వాదాలు వినిపిస్తాయి. కొత్త యంత్రాలు కావాలని ఒకటి: సన్నటి పొరల వడపోత, ఓజోన్, అతినీలలోహిత కిరణాలు. నది, చెరువు చెడిపోయాక ప్లాంటు ఏం చేస్తుంది, ముందు వాటిని కాపాడమని ఇంకొకటి. ప్లాంటులో నీళ్లు బాగానే ఉంటాయి, చెడిపోయేది పైపుల్లోనేనని మూడోది. మూడింటిలోనూ నిజం ఉంది. ఈ విషయం మీద కొన్నేళ్లుగా చదివి, కొన్ని ప్లాంట్లు తిరిగి చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం మాత్రం వేరు. ఉన్న ప్లాంటును అది కట్టినప్పుడు అనుకున్న పద్ధతిలో రోజూ నడపడమే అన్నిటికంటే చవకైన మార్గం. అందరూ చిన్నచూపు చూసేదీ దాన్నే. అది చేయకుండా కోట్లు పెట్టి కొత్త యంత్రం తెచ్చినా, ఆ యంత్రమూ మూడేళ్లకు పాతదాని పక్కన చేరుతుంది.

1892లో జర్మనీలోని హాంబర్గ్‌లో కలరా వచ్చింది. కొన్ని వారాల్లో 8 వేల మందికి పైగా పోయారు. ఆ ఊరు ఎల్బే నది నీటిని వడకట్టకుండానే ఇళ్లకు పంపేది. దానికి ఆనుకుని ఉన్న ఆల్టోనా పట్టణం అదే నదికి దిగువన ఉంది. అంటే హాంబర్గ్ మురుగు కలిసిన నీటినే అది తోడుకునేది. కానీ ఆల్టోనాకు ఇసుక ఫిల్టర్లు ఉన్నాయి. సరిహద్దు వీధిలో హాంబర్గ్ నీళ్లు తాగే వైపు కలరా, ఆల్టోనా నీళ్లు తాగే వైపు దాదాపు ఏమీ లేదు. వడపోత విలువను లోకానికి ఒప్పించింది ఆ వీధే.

ఇంతవరకూ చాలామంది చెప్తారు. నాకు ఇంకా ముఖ్యమనిపించేది ఆ తర్వాతి చలికాలం. 1893 మొదట్లో ఆల్టోనాలోనూ కలరా కనపడింది. సూక్ష్మజీవ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ ఆరా తీస్తే తేలిందేమిటంటే, మంచు గట్టిన ఒక ఫిల్టర్‌ను శుభ్రం చేసే పనిలో దాని వడపోత దెబ్బతింది. మిగతా ఫిల్టర్లు బాగానే ఉన్నాయి. అన్నిటి నీళ్లూ ఒకచోట కలిశాక పరీక్షిస్తే ఆ ఒక్కదాని తప్పు మరుగున పడిపోతుంది. అందుకే ఏ ఫిల్టర్ నీటిని ఆ ఫిల్టర్ దగ్గరే, విడిగా, రోజూ పరీక్షించాలని కోఖ్ పట్టుబట్టాడు. మిల్లీలీటరుకు సూక్ష్మజీవులు 100 దాటితే ఆ నీటిని వదలకూడదన్నాడు. 130 ఏళ్లు దాటింది. మన ప్లాంట్లలో ఎన్నింటిలో ఒక్కో ఫిల్టర్‌కు విడిగా నమూనా పట్టే చిన్న కుళాయి ఉందో, ఆ కుళాయి తిరుగుతుందో లేదో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును.

ఆ కథ పాతది, ఇప్పుడు క్లోరిన్ ఉందిగా అనుకునేవాళ్లు అమెరికాలోని మిల్వాకీని గుర్తుపెట్టుకోవాలి. 1993లో ఆ నగరంలో సుమారు 4 లక్షల మంది విరేచనాలతో మంచం పట్టారు. కారణం క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. క్లోరిన్‌కు అది చావదు. దాన్ని ఆపాల్సింది పటిక, ఇసుక. ఆ రోజుల్లో నగరంలోని రెండు ప్లాంట్లలో ఒకదాని నుంచి వచ్చే నీరు మామూలు కంటే కాస్త మసకబారింది. అప్పటి నిబంధనల గీత దాటలేదు కాబట్టి కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. ఆ తర్వాత మిల్వాకీ ఓజోన్ పెట్టుకుంది, ఫిల్టర్లనూ బాగుచేసుకుంది. నీటి మసక, ఇంజనీర్లు టర్బిడిటీ అనేది, కంటి ఇంపుకోసం పెట్టుకున్న కొలత కాదని ప్రపంచానికి తెలిసొచ్చింది. మట్టి రేణువు చాటున క్రిమి దాక్కుంటుంది, క్లోరిన్ దాన్ని చేరలేదు. మన భారత ప్రమాణం ఐఎస్ 10500 తాగేనీటిలో టర్బిడిటీ 1 ఎన్‌టీయూ లోపు ఉండాలంటుంది. వేరే దిక్కు లేనప్పుడు 5 దాకా సరిపెట్టుకోమంటుంది. చాలా ఊళ్లలో ఆ 5నే గమ్యం అనుకుని ఆగిపోతున్నారు. బాగుచేయడం అనేది ఈ అంకె దగ్గరే మొదలవ్వాలి.

ఒక వర్షాకాలంలో ఒక మధ్యరకం పట్టణం ప్లాంటులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉన్నాను. పటిక దిమ్మల్ని సిమెంటు తొట్టిలో వేసి, వెదురు కర్రతో కలిపి, ఒక కాకు తిప్పి కాలువలోకి వదులుతున్నారు. ఎంత వదలాలో ఎలా తెలుస్తుందని ఆపరేటర్‌ను అడిగాను. "చూస్తే తెలుస్తుంది సార్. దూదిపింజల్లా కట్టాలి. కట్టకపోతే ఇంకో సగం బస్తా" అన్నాడు. పదహారేళ్లుగా అక్కడే చేస్తున్నాడు, ఇంకా కాంట్రాక్టు మీదే. ఆ చూపును నేను తక్కువ చేయను. ఎర్రనీరు వచ్చిన రాత్రి ఊరిని కాపాడేది ఆ చూపే. కానీ పక్క గదిలో జార్ టెస్టు పరికరం ప్లాస్టిక్ కవరు కింద ఉంది. ఆరు గాజు జాడీల్లో ఒకటి పగిలింది, ఒక తెడ్డు వంగిపోయింది. కెమిస్టు పోస్టు ఖాళీ. పరికరం వచ్చిన కొత్తలో రెండుమూడు సార్లు చేశారట, అంతే.

జార్ టెస్టు పెద్ద విద్య కాదు. నది నీటిని ఆరు జాడీల్లో లీటరు చొప్పున పోసి, ఒక్కోదాంట్లో పటిక కొద్దికొద్దిగా పెంచుతూ వేసి, నిమిషం సేపు జోరుగా, ఆపైన పావుగంట పైగా నెమ్మదిగా తిప్పి, అరగంట తేరనివ్వడం. ఏ జాడీల్లో పైనీరు అన్నిటికంటే తేటగా ఉందో, వాటిలో ఏది తక్కువ పటికతో ఆ పని చేసిందో, అదే ఆ రోజు మోతాదు. మొత్తం గంట పని. నది రంగు మారిన ప్రతిసారీ మళ్లీ చేయాలి. పటిక తక్కువైతే మట్టి ఫిల్టర్ మీదికి పోతుంది. ఎక్కువైతే నీటిలో పులుపు పెరిగి, కరిగిన అల్యూమినియం ఇసుకలోంచి జారి కుళాయిలోకి వస్తుంది. దానికీ ప్రమాణం ఉంది: లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, తప్పనిసరైతే 0.2. పైగా వరద నీటిలో క్షారగుణం పలచబడుతుంది. పటిక పనిచేయడానికి కావలసింది ఆ క్షారమే. అందుకే వరదలో పటిక ఎంత గుమ్మరించినా కొన్నిసార్లు మట్టి దిగదు, కాస్త సున్నం కలిపితే దిగుతుంది. ఈ సంగతి జాడీ చెప్తుంది. కంటి చూపుకు అందదు. ఇప్పుడు చాలాచోట్ల పటిక బదులు పాలీ అల్యూమినియం క్లోరైడ్ వాడుతున్నారు. క్షారం తక్కువ తింటుంది, మడ్డి తక్కువ మిగులుతుంది. మంచిదే. కానీ దానికీ జాడీ పరీక్ష తప్పదు.

ఆ రోజే ఫిల్టర్ దగ్గర ఇంకొకటి చూశాను. ఇసుకలో మట్టి నిండాక కింది నుంచి గాలి, నీళ్లు ఎగదన్ని కడుగుతారు. బ్యాక్‌వాష్ అంటారు. కడిగిన వెంటనే వాల్వు తిప్పి నీటిని తిన్నగా మంచినీటి సంపులోకి వదిలేశారు. నా దగ్గరున్న రెండు గాజు సీసాల్లో ఒకటి అప్పుడే పట్టుకున్నాను, రెండోది ముప్పావుగంట ఆగి పట్టాను. రెంటినీ ఆకాశం వైపు ఎత్తి చూస్తే పక్కన నిలబడ్డ వాచ్‌మన్‌కు కూడా తేడా తెలిసింది. మొదటిది పలచటి గంజి తేటలా ఉంది. కొత్తగా కడిగిన ఇసుక కాసేపటి వరకూ పట్టుకు రాదు. ఆ మొదటి పావుగంట, ఇరవై నిమిషాల నీటిని బయటికి వదిలేయడమో, తిరిగి ప్లాంటు మొదట్లోకి పంపడమో చేయాలి. మిల్వాకీ తర్వాత ప్రపంచమంతా గట్టిగా పట్టుకున్న జాగ్రత్తల్లో ఇది ఒకటి. దీనికి కావలసింది ఒక పైపు, ఒక వాల్వు, ఇరవై నిమిషాల ఓపిక.

ఫిల్టర్‌ను గడియారం చూసి కడుగుతారు, రోజుకోసారి పొద్దున ఆరింటికి. నీటి మసక పెరిగిందా, ఇసుక మీద నీటి మట్టం ఎంత ఎగసింది అన్నవి చూసి కడగాలి. ఏళ్ల తరబడి సరిగా కడగని ఇసుకలో మట్టి ఉండలు కడతాయి. అడుగున గులకరాళ్లు చెదిరి గుంటలు పడతాయి. ప్రతి కడుగుడులో కొంత ఇసుక కొట్టుకుపోతుంది. రెండున్నర అడుగులు ఉండాల్సిన ఇసుక అడుగున్నరకు వచ్చిందని కొలిచిన తర్వాత గానీ తెలియదు. కొలవడానికి ఒక ఇనప చువ్వ చాలు. ఏడాదికోసారి ప్రతి ఫిల్టర్‌నూ ఎండగట్టి, చువ్వ దించి, రిజిస్టర్‌లో రాయాలన్న నియమం పెడితే దానికి టెండర్లు అక్కరలేదు.

పల్లెల్లో ఎక్కువగా ఉండేవి నెమ్మదిగా వడకట్టే ఇసుక బెడ్లు. వీటి కథ వేరు. వీటిలో పనిచేసేది ఇసుక మీద పేరుకునే జిగురు పొర. ఆ పొరలో బతికే సూక్ష్మజీవులే రోగక్రిముల్ని తినేస్తాయి. పొర మందమై నీరు దిగడం తగ్గినప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రం గీకాలి. గీకాక పొర మళ్లీ కట్టడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రెండో బెడ్ నడపాలి. మన దగ్గర రెండో బెడ్ చాలాచోట్ల మూలపడి ఉంటుంది కాబట్టి గీకిన సాయంత్రమే నీళ్లు వదిలేస్తారు. ఇంకా దారుణం ఏమిటంటే, శుభ్రం కోసమని బెడ్ మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లడం. అది చల్లితే మన కోసం పనిచేసే జీవుల్నే చంపుకున్నట్టు. ఇది చేసేవాళ్లు మంచి ఉద్దేశంతోనే చేస్తారు. వాళ్లకు ఒక్కసారి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అదీ బాధ.

ఇక క్లోరిన్. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీకి నీళ్లిచ్చే పథకంలో జాన్ లీల్ అనే వైద్యుడు ప్రతిరోజూ క్లోరిన్ కలపడం మొదలుపెట్టాడు. దాని మీద కోర్టు కేసు కూడా నడిచింది. తర్వాత కొన్నేళ్లలోనే ఆ దేశంలో టైఫాయిడ్ తగ్గుముఖం పట్టింది. మన దగ్గర దాదాపు ప్రతి ప్లాంటులోనూ క్లోరిన్ కలుపుతారు. సరిపోయేంత కలుపుతున్నామా అన్నదే ప్రశ్న. చిన్న పట్టణం లెక్క తీసుకుందాం: రోజుకు కోటి లీటర్లు, లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్. అంటే 20 కిలోలు. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది కాబట్టి 60 కిలోల పౌడర్ కావాలి. ఆ బస్తాలు చెమ్మ గదిలో రెండు నెలలు పడి ఉంటే బలం సగానికి పడిపోవచ్చు. 15 శాతానికి పడిపోయిందనుకోండి. స్టాకు రిజిస్టర్ ప్రకారం 60 కిలోలు వేసినా నీటికి అందేది లీటరుకు 0.9 మిల్లీగ్రాములే. రిజిస్టర్ అబద్ధం చెప్పలేదు, వేసినవాడు తప్పు చేయలేదు, అయినా ఊరు తాగింది సగం మందు పడిన నీరు. కొత్త బస్తా వచ్చినప్పుడూ, పాత బస్తా విప్పినప్పుడూ బలం పరీక్షించాలి. గదికి గాలి ఆడాలి, బస్తాల కింద చెక్కలు ఉండాలి.

మందు పడ్డాక క్లోరిన్‌కు టైము ఇవ్వాలి. కనీసం అరగంట కలిసి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. సంపు పెద్దదే కదా అనుకుంటాం. నీళ్లు వచ్చే పైపు, పోయే పైపు ఒకే మూల ఉంటే వచ్చిన నీరు వచ్చినట్టే అడ్డదారిన బయటికి పోతుంది, మిగతా సంపు నీరు నిలవే. లోపల రెండు మూడు అడ్డుగోడలు కట్టి నీటిని చుట్టు తిప్పితే అదే సంపు, అదే మందు, ఫలితం వేరు. ఖర్చు ఇటుకలు, సిమెంటు. క్లోరిన్ బలం నీటి గుణం మీదా ఆధారపడుతుంది. పీహెచ్ 7 దగ్గర అది చురుగ్గా క్రిముల్ని చంపుతుంది, 8.5 దగ్గర ఆ చురుకైన రూపం పదో వంతుకు పడిపోతుంది. నాచు పట్టిన చెరువుల్లో ఎండాకాలం మధ్యాహ్నాలు పీహెచ్ పెరుగుతుంది. అంటే తెల్లవారుజామున సరిపోయిన మోతాదు మూడింటికి చాలదు.

క్లోరిన్ కేన్సర్ తెస్తుందట కదా అని నన్ను చాలామంది అడిగారు. ప్రశ్న సరైనదే. 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో యోహానెస్ రూక్ అనే రసాయనవేత్త, నీటిలోని ఆకుల, నాచు రసాలతో క్లోరిన్ కలిసి క్లోరోఫాం వంటివి పుడుతున్నాయని చూపించాడు. అవి ఎక్కువకాలం ఎక్కువ మోతాదులో లోపలికి పోవడం మంచిది కాదు, మన ప్రమాణాల్లోనూ వాటికి హద్దులు ఉన్నాయి. నెదర్లాండ్స్ క్రమంగా క్లోరిన్‌నే మానేసింది. అయితే అక్కడి పైపుల్లో లీకేజీ అతి తక్కువ, ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడి ఉంటుంది, ప్లాంటులోనే నీరు అంత శుభ్రపడుతుంది. అవేవీ లేకుండా క్లోరిన్ మానడం గొడుగు పారేసి వానలోకి వెళ్లడమే. మనం చేయగలిగింది ఒకటుంది. నది నీటికి మొదట్లోనే క్లోరిన్ గుమ్మరించే అలవాటు తగ్గించి, పటికతో, ఇసుకతో ఆ సేంద్రియ మలినాన్ని తీసేశాక క్లోరిన్ వేయడం. మందూ మిగులుతుంది, ఆ క్లోరోఫాం వంటివీ తగ్గుతాయి. అంటే తిరిగి తిరిగి పటిక దగ్గరికే వచ్చాం.

రిజిస్టర్ మాట వచ్చింది కాబట్టి ఇంకో ఊరు. కెనడాలోని వాకర్టన్, సుమారు 5 వేల మంది జనాభా. 2000 మే నెలలో పెద్ద వాన పడి పశువుల పేడ ఒక బావిలోకి ఊరింది. 7 మంది చనిపోయారు, 2,300 మంది దాకా జబ్బుపడ్డారు. విచారణలో బయటపడింది ఏమిటంటే, క్లోరిన్ కొలతను రోజూ తీయకుండానే అంకెలు రాసే అలవాటు అక్కడ ఏళ్ల నుంచి ఉంది. మన ప్లాంట్ల లాగ్‌బుక్కుల్లో నెలంతా ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో, ప్రతి గంటకూ 0.5, 0.5 అని బారుగా కనిపిస్తే నాకు వాకర్టనే గుర్తొస్తుంది. నిజంగా కొలిచిన అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. టర్బిడిటీనీ, క్లోరిన్‌నూ తనంతట తానే కొలిచి నమోదు చేసే మీటర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. కొత్త సాంకేతికత మీద డబ్బు పెట్టదలిస్తే మొదటి రూపాయి వాటి మీద పెట్టాలి. రెండో రూపాయి వాటిని సరిచూసే మనిషి జీతం మీద.

మూలజలాల వాదానికి వస్తే, దీనిలో బలం ఎంతో తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు, 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడన్న మాట ఆ నీటి రుచి వల్లే పుట్టింది. ఆ రెండు చెరువుల చుట్టూ కట్టడాలను అడ్డుకోవడానికి 1996లో జీవో 111 వచ్చింది, 2022లో జీవో 69 ఆ కట్టును సడలించింది. ఇవాళ నగరం కృష్ణా, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఎత్తిపోసుకుంటోంది. దగ్గరి నీటిని కాపాడుకోలేని ఖర్చు అది.

డెల్టాలో ఇది ఇంకా కళ్లకు కడుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఊరి మంచినీళ్ల చెరువును ముందే నింపుకోవాలి. అందులో ఏ నీళ్లు పడితే ఊరు అవే తాగుతుంది. కాలువకు నీళ్లు వదిలిన మొదటి రోజుల్లో వచ్చేది దారి పొడవునా పేరుకున్న చెత్త, పొలాల మందులు, చేపల చెరువుల మురుగు. ఆ మొదటి నీటిని పోనిచ్చి, తర్వాతి నీటితో చెరువు నింపాలని పెద్దవాళ్లు చెప్పేవారు. ఇప్పుడు పంపు ఎప్పుడు వేయాలో కరెంటు టైము చెప్తోంది. ఏప్రిల్, మే వచ్చేసరికి చెరువు పచ్చబడి నీళ్లకు మట్టివాసన వస్తుంది. కొన్ని రకాల నాచు వదిలే రసాయనాల వాసన అది. క్లోరిన్ పెంచితే పోదు. మెత్తటి యాక్టివేటెడ్ బొగ్గుపొడి కలిపితే చాలావరకూ పోతుంది. అసలు చెరువు గట్టుకు కంచె వేసి, పశువుల్ని, బట్టల ఉతుకును దూరం పెట్టి, పక్కన చేపల చెరువు తవ్వకుండా చూస్తే సగం సమస్య రాదు.

పటికా ఇసుకా తీయలేనివీ ఉన్నాయి. ఫ్లోరైడ్ అలాంటిదే. మన దేశంలో ఎముకల్ని వంచే ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతపు పల్లెల్లో. తర్వాత నల్లగొండ పేరు దానికి పర్యాయపదమైంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టింది. కదిరిలో 1980లో ఆ పద్ధతితో ప్లాంటు కట్టారు. శాస్త్రం సరైనదే. కానీ మామూలు కంటే ఎన్నో రెట్లు పటిక, గుట్టలుగా మడ్డి, ప్రతిరోజూ జాగ్రత్తగా తూచే మనిషి కావాలి. పల్లెల్లో అది నిలవలేదు. నల్లగొండకు చివరికి ఊరట ఇచ్చింది బోరు నీటిని వదిలి కృష్ణా నీటికి మారడం. 2016లో మొదలైన మిషన్ భగీరథ ఆ మార్పును ఇంటింటి కుళాయి దాకా తెచ్చింది. ఏ దోషాన్ని ప్లాంటులో తీయాలి, ఏ దోషానికి నీటి మూలాన్నే మార్చాలి అన్న తేడాను ఆ జిల్లా ఒళ్లు వంచుకుని నేర్చుకుంది.

పైపుల వాదమే నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే ప్లాంటు గురించి ఇప్పటిదాకా చెప్పినవన్నీ అది ఒక్క రాత్రిలో వమ్ము చేయగలదు. రోజు విడిచి రోజు ఒక గంట నీళ్లు వదిలే ఊళ్లో మిగతా సమయమంతా పైపు ఖాళీ. ఖాళీ పైపు పీల్చుకుంటుంది. పక్కనే డ్రైనేజీ ఉంటే ఆ మురుగు పగుళ్లలోంచి లోపలికి దిగుతుంది. నీళ్లు రాగానే ఎవరికి వారు మోటార్లు పెట్టి లాగితే ఇంకా ఎక్కువ పీలుస్తుంది. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో ప్రాణాలు పోయింది తాగేనీటి పైపుల్లో మురుగు కలిసే. కర్ణాటకలోని హుబ్లీ–ధార్వాడ్‌లో కొన్ని వార్డులకు రోజంతా, మిగతా వార్డులకు కొద్ది గంటలే నీళ్లిచ్చిన కాలంలో పరిశోధకులు రెండు చోట్లా కుళాయి నీటిని పట్టి చూశారు. రోజంతా వచ్చే కుళాయిల నమూనాల్లో 0.7 శాతంలో మలసంబంధ క్రిమి ఈ.కోలి కనపడితే, గంటల లెక్కన వచ్చేచోట 31.7 శాతంలో కనపడింది. నగరం ఒకటే, తేడా అంతా పైపులో ఒత్తిడి నిలిచిందా లేదా అన్నదే. ఒడిశాలోని పూరీ 2021లో ఊరంతటికీ ఇరవై నాలుగు గంటలూ కుళాయి నుంచే తాగగలిగే నీళ్లిస్తామని ప్రకటించి మొదలుపెట్టింది. అది మన పట్టణాలకు అందని పండేమీ కాదు. కానీ ఒక్క వార్డుతో మొదలుపెట్టి, లీకేజీలు కట్టి, మీటర్లు పెట్టి, ఆ వార్డు నిలిచాక రెండో వార్డుకు పోవాలి. అంతవరకూ చివరి ఇంటి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండటమే మనకున్న ఒకే ఒక్క కాపలా.

అందుకే టిన్ను నీళ్ల మీద నా అభ్యంతరం. టిన్నుల్లో వచ్చే ఆర్‌వో (రివర్స్ ఆస్మోసిస్) చేసిన నీటిలో ఆ కాపలా ఉండదు. టిన్ను ఎలా కడిగారు, ఎన్నాళ్లు ఎండలో ఉంది అన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది. పైగా ఆర్‌వో యంత్రం తనకు వచ్చిన నీటిలో పెద్ద భాగాన్ని డ్రైనేజీలోకి వదిలేస్తుంది. ఉప్పు తక్కువగా ఉన్న నదీ జలాలకు ఆర్‌వో అక్కరలేదు. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట దాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం పెద్ద నగరాల కుళాయి నీటిని పరీక్షిస్తే ముంబయి నమూనాలన్నీ నెగ్గాయి, ఢిల్లీ నమూనాలన్నీ తప్పాయి. ముంబయి నెగ్గింది ఆర్‌వోతో కాదు. అడవుల మధ్య కాపాడుకున్న సరస్సులు, భాండుప్ ప్లాంటులో మామూలు వడపోత, క్లోరిన్, దాని వెనక పట్టుగా నిలబడ్డ సిబ్బంది.

సిబ్బంది సంగతే చివరికి అన్నిటికంటే బరువైనది. కోట్ల విలువైన ప్లాంటును రాత్రిపూట ఒక్క కాంట్రాక్టు మనిషి మీద వదిలేస్తున్నాం. అతనికి నెలనెలా జీతం అందదు, శిక్షణ లేదు, నది ఎర్రబడితే ఫోన్ చేయడానికి కెమిస్టు లేడు. నేను చూసిన ఆ ఆపరేటర్‌కు దూదిపింజ కట్టే క్షణం తెలుసు. అతని చేతికి ఆరు జాడీలు, ఒక టర్బిడిటీ మీటరు, కొలవడానికి వారం రోజుల శిక్షణ, పర్మనెంటు ఉద్యోగం ఇచ్చి చూడండి. ఏ కొత్త యంత్రం కంటే ముందు ఆ ఊరి నీళ్లు మారతాయి.

చదివేవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. క్లోరిన్ పరీక్షించే చిన్న కిట్టు మందుల షాపుల్లోనో ఆన్‌లైన్‌లోనో తక్కువ ధరకే దొరుకుతుంది. గొట్టంలో కుళాయి నీళ్లు పోసి బిళ్ల వేస్తే, క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తిరుగుతుంది. మీ వీధిలో ట్యాంకుకు అన్నిటికంటే దూరంగా ఉన్న ఇంటి కుళాయి దగ్గర, నీళ్లు వచ్చిన మొదటి పది నిమిషాల్లో పరీక్షించండి. రంగు రాకపోతే ఆ పూట కాచి తాగండి, మునిసిపాలిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ తర్వాత ప్లాంటుకు వెళ్లి రెండు అంకెలు అడగండి: ఒక్కో ఫిల్టర్ నుంచి విడిగా వచ్చిన నీటి టర్బిడిటీ, చివరి ఇంటి కుళాయిలో మిగిలిన క్లోరిన్. ఆ రెండు అంకెల్నీ రోజూ వార్డు సచివాలయం బోర్డు మీద రాయమని పట్టుబట్టండి.